రిజిస్టర్ చేయించని కథకి కాపీరైట్ ఉంటుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: మీరు ఆన్‌లైన్‌లో పెట్టిన కథని ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్ళు మీ పేరు చెప్పకుండా చదివేశారు. అడిగితే "కాపీరైట్ సర్టిఫికెట్ ఉందా?" అంటున్నారు. రిజిస్ట్రేషన్ లేకపోతే హక్కు లేనట్టేనా?

ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా రాసిన కథ కాగితం మీదకో ఫోన్‌లోకో ఎక్కితే చాలు, హక్కు దానంతటదే వస్తుంది. అది మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. అందరికీ కనిపించేలా ఫేస్‌బుక్‌లో పెట్టినా పోదు. సర్టిఫికెట్ అడగడం మిమ్మల్ని వెనక్కి తగ్గేలా చేయడానికే, టెన్షన్ పడకండి.

నేను హైదరాబాద్‌లో ఉంటూ చాలాకాలంగా కథలు రాస్తున్నాను. నాకూ ఇలాగే జరిగింది. ఆదివారం అనుబంధంలో అచ్చయిన నా కథకి ఒక ఆడియో ఛానల్ వేరే పేరు పెట్టి, చివరి పేరా తీసేసి, తమ ముగింపు అతికించి చదివింది. నా కథలో తల్లి కొడుకుని క్షమించదు. వాళ్ళు ఇద్దరినీ కలిపేసి, వెనకాల వయొలిన్ వేశారు. అడక్కుండా చదివినందుకన్నా అందుకే నాకు ఎక్కువ బాధేసింది. చట్టంలో 57వ సెక్షన్ ఉన్నది ఇలాంటివాటికే. ఇది నా రచన అని చెప్పుకునే హక్కు, పరువుకి భంగం కలిగేలా దాన్ని మారిస్తే అడ్డుకునే హక్కు రచయితకి విడిగా ఉంటాయి, కాపీరైట్ అమ్మేసినా సరే. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌కి చేసిన కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం ఊడదీయించి స్టోర్‌రూములో పడేస్తే అది పాడైంది. దాన్ని ఆయనకి తిరిగి ఇవ్వాలని, 5 లక్షల నష్టపరిహారం చెల్లించాలని 2005లో ఢిల్లీ హైకోర్టు తీర్పిచ్చింది.

నేనేం చేశానంటే, వాళ్ళకి మెసేజ్ పెట్టకముందే వీడియో లింకు, తేదీ, వ్యూస్ అన్నీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసుకున్నాను. ముందే మెసేజ్ పెడితే వీడియో ప్రైవేట్ చేసేసి "మేమెక్కడ చదివాం?" అంటారు. పత్రిక పేజీ, కథ పంపిన ఈమెయిల్ పక్కన పెట్టుకుని, యూట్యూబ్‌లోని కాపీరైట్ ఫిర్యాదు ఫారం నింపాను. "మీకు పబ్లిసిటీయే కదండీ" అని ఫోన్ చేశారు. నేను ఒప్పుకోలేదు. కొన్ని రోజుల్లోనే వీడియో పోయింది. ఇలాంటి ఫిర్యాదు మీద వీడియో తీసేస్తే యూట్యూబ్ ఛానల్‌కి ఒక "స్ట్రైక్" (హెచ్చరిక) వేస్తుంది, అలా మూడు పడితే ఛానలే పోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ ఫారంని వాళ్ళు తేలిగ్గా తీసుకోలేరు. అయితే అందులో ఒక్క మాటా అబద్ధం ఉండకూడదు.

రిజిస్ట్రేషన్ దండగ అనడం లేదు. కోర్టుకి వెళ్తే ఆ రిజిస్టర్‌లో ఉన్న వివరాలు ప్రాథమిక సాక్ష్యంగా నిలబడతాయి. కాపీరైట్ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టొచ్చు, సాహిత్య రచనకి ఫీజు 500 రూపాయలు. డైరీ నంబరు (దరఖాస్తుకి ఇచ్చే నంబరు) వచ్చాక ఎవరైనా అభ్యంతరం చెబుతారేమోనని 30 రోజులు ఆగుతారు, తర్వాతే పరిశీలన. నేను ప్రతి కథకీ చేయించను. పుస్తకానికి చేయిస్తాను.

కాపీరైట్ దేనికి రాదో కూడా తెలుసుకోండి. సినిమావాళ్ళు తిరిగే కృష్ణానగర్‌లో టీ తాగుతూ ఎవరికో చెప్పిన కథ లైన్ సినిమాగా వచ్చేసిందని బాధపడేవాళ్ళని చూశాను. ఆ బాధ నిజమే, కానీ ఆలోచనకి కాపీరైట్ లేదని ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు 1978లోనే తేల్చింది. దాన్ని మీరు మలిచిన తీరుకే రక్షణ: సన్నివేశాలు, పాత్రలు, సంభాషణలు, వాటి అల్లిక. అందుకే నోటితో చెప్పేముందు పూర్తిగా రాసి, ఈమెయిల్‌లో పంపి, ఆ తర్వాత చెప్పండి. ఒట్టి టైటిల్‌కి కూడా కాపీరైట్ రాదు.

దొంగతనం కన్నా నాకు ఎక్కువ భయం సంతకం అంటేనే. ఒక ఆడియో సంస్థ నాకు పంపిన కాగితంలో "సర్వహక్కులు, అన్ని భాషల్లో, అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా" అని ఉంది. ఇచ్చేదేమో ఒక్కసారి, చిన్న మొత్తం. ఆ లైన్ కొట్టేసి "తెలుగు ఆడియోకి మాత్రమే, మూడేళ్లు" అని రాసి పంపాను. వాళ్ళు ఒప్పుకున్నారు! మనం అడగమని వాళ్ళకి నమ్మకం, అంతే. హక్కుల బదిలీ రాతపూర్వకంగా, మీ సంతకంతోనే జరగాలి. ఫోన్‌లో "సరే" అంటే బదిలీ అయిపోదు. కాలం రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేగా చట్టం లెక్కేస్తుంది. "శాశ్వతంగా" అని రాసి ఉన్నచోట సంతకం పెడితే మాత్రం ఆ 5 ఏళ్ల రక్షణ కూడా మీకు ఉండదు.

మీ విషయంలో ముందు స్క్రీన్‌షాట్లు, తర్వాత ఫారం. వాళ్ళు మీ ఫిర్యాదు తప్పంటూ యూట్యూబ్‌కి కౌంటర్ నోటీసు ఇస్తే అప్పుడు లాయర్‌ని కలవాల్సిందే. ఛానల్ వాళ్ళు చెన్నైలో ఉన్నా మీరుండే హైదరాబాద్‌లోనే కేసు వేసుకునే వీలు 62వ సెక్షన్ ఇస్తుంది. లాయర్ ఫీజు గురించి ఆలోచిస్తుంటే, ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్ళకి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది. వెళ్ళేటప్పుడు కథ మొదట పోస్ట్ చేసిన తేదీ కనబడే ప్రింటు ఒకటి పట్టుకెళ్ళండి.