పాత సముద్రాల జాడ పట్టే చదువుకు దారి ఏది?

ప్రశ్న: మాది బేతంచెర్ల దగ్గర పల్లె. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడు చదువుతోంది. ఇంట్లో పరిచిన నాపరాళ్లు ఒకప్పుడు సముద్రం అడుగున పేరుకున్నవని తెలిసినప్పటి నుంచి, పాత సముద్రాలు, ఖండాల కదలికలే చదువుతానంటోంది. ఇంజినీరింగ్ వద్దట. దీంతో బతుకుతెరువు దొరుకుతుందా?

జవాబు: దొరుకుతుందండీ. మీ అమ్మాయి విన్నది నిజమే. మీ నాపరాయి కర్నూలు గ్రూపు అనే రాతి పొరల సముదాయంలోని సున్నపురాయి. కాలేజీ ల్యాబ్‌లో సార్ దగ్గరుండగా పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఒక్క చుక్క వేయిస్తే బుసబుసా పొంగుతుంది.

అయితే ఒక్క మాట గట్టిగా చెబుతాను. జియాలజీలో చేరినా లెక్కలు, ఫిజిక్స్ వదలనివ్వకండి. రాతి పొరలు చూసి అక్కడ సముద్రం ఉండేదో, ఏరు పారేదో చెప్పొచ్చు. రాతి మీద అలల ముద్ర రెండు వైపులా ఒకే వాలుగా ఉంటే ముందుకూ వెనక్కూ ఊగిన నీరు, ఒక వైపు నిటారుగా ఉంటే ఆ వైపుకు పారిన నీరు. కానీ ఆ నేల అప్పట్లో భూమధ్యరేఖకు ఎంత దూరంలో ఉండేదో తేల్చాలంటే రాతిలోని అయస్కాంతత్వం కొలవాలి.

లావా చల్లారేటప్పుడు అందులోని మాగ్నటైట్ (అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం) రేణువులు నాటి భూ అయస్కాంత క్షేత్రం దిశను పట్టేసుకుంటాయి. ఆ దిశ నేలకు ఎంత కోణంలో వంగి ఉందో కొలిస్తే అక్షాంశం వస్తుంది. వంపు కోణం టాన్ విలువ, అక్షాంశం టాన్ విలువకు రెండింతలు. ఈ లెక్కన హైదరాబాద్ అక్షాంశానికి వంపు 32 డిగ్రీలు రావాలి. వికారాబాద్ వైపు కనిపించే డెక్కన్ ట్రాప్ (పాత లావా పొరలు) నల్లరాయిలో 50కి అటూఇటూ వస్తుంది. అంటే 6.6 కోట్ల ఏళ్ల కింద ఈ నేల దక్షిణార్ధగోళంలో 30 డిగ్రీల దగ్గర ఉండేదన్నమాట. రేఖాంశం మాత్రం ఈ పద్ధతిలో దొరకదు.

పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. పిడుగు పడిన బండలో పాత గుర్తు చెరిగి కొత్తది పడుతుంది. నల్లరాయి దగ్గర మామూలు దిక్సూచి తప్పు చూపిస్తుంది, అందుకే సూర్యుడి నీడతో దిక్కు చూసుకుని రెండున్నర సెంటీమీటర్ల లావు రాతి కడ్డీ తీస్తారు. దాన్ని మెట్టుమెట్టుగా 580 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేసి, తర్వాత పడిన గుర్తులను ఒక్కొక్కటే తుడిచేస్తారు. బురద పొరల్లో ఇంకో చిక్కు. పైబరువుకు అణిగి వంపు తగ్గిపోతుంది, ఖండం భూమధ్యరేఖకు ఉన్నదానికన్నా దగ్గరగా కనిపిస్తుంది. దాన్ని సరిచేయడం పూర్తిగా లెక్కల పని.

ఇక దారి. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు వస్తే ఖరగ్‌పూర్, రూర్కీ, ధన్‌బాద్‌లలో జియాలజీ కోర్సులున్నాయి. సైన్స్ చదువుల కేంద్ర సంస్థ తిరుపతి ఐసర్ కోసం ఐసర్ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇవి కుదరకపోతే జియాలజీతో బీఎస్సీ చేసి, ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష ఐఐటీ జామ్‌లో జియాలజీ పేపరు రాసి ఎమ్మెస్సీకి వెళ్లొచ్చు. బీఎస్సీ జియాలజీ అన్ని కాలేజీల్లో ఉండదు, చేరే ముందే కనుక్కోండి.

ఎమ్మెస్సీ తర్వాత యూపీఎస్సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష ఉంది. అందులో నెగ్గితే జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో గ్రూప్-ఏ ఉద్యోగం, మూల వేతనం 56,100 రూపాయలతో మొదలు. గేట్ పరీక్ష స్కోరుతో చేరేందుకు చమురు సంస్థ ఓఎన్‌జీసీ లాంటివి ఉన్నాయి. మీ అమ్మాయి అడుగుతున్న పని అచ్చంగా చేయాలంటే మాత్రం పీహెచ్‌డీ తప్పదు. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే మొదట్లో నెలకు 37,000 వస్తుంది. ఈ అయస్కాంత కొలతల ప్రయోగశాల హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్ఐలోనే ఉంది. స్థిరపడేసరికి ముప్పై ఏళ్లు దగ్గరపడొచ్చు, ఆ లెక్క ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

పరీక్షలయ్యాక తిరుమల వెళ్తే ఘాట్ రోడ్డులో జియలాజికల్ సర్వే బోర్డున్న చోట ఆగండి. కింద గ్రానైట్, పైన నగరి క్వార్ట్‌జైట్ (ఇసుకరాయి గట్టిపడిన రాయి). రెంటి మధ్య సన్నటి గీతలో దాదాపు 80 కోట్ల ఏళ్ల ఖాళీ ఉంది, అంటే అంత కాలపు రాతి పొరలు అక్కడ లేవు. అక్కడ నిలబడి చూసినదంతా తన చేత్తో నోట్‌బుక్‌లో గీయించండి. ఆ గీత దగ్గర అరగంటైనా విసుగు లేకుండా గడిపితే ఫీల్డ్ పని ఆమెకు సరిపడుతుందనే అనుకోవచ్చు.