ఆటల పోటీల్లో పిల్లల క్షేమం: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా స్కూలు నుంచి 46 మంది పిల్లలతో గచ్చిబౌలికి మూడు రోజుల పోటీలకు వెళ్తున్నాం. అథ్లెటిక్స్, ఖోఖో, కబడ్డీ, ఈత ఉన్నాయి. టీచర్లం నలుగురం. దేని మీద ఎక్కువ కన్నేసి ఉంచాలి? (ఒక పీడీ, ఎల్.బి.నగర్)

జవాబు: నలుగురు చాలరు. పది మందికి ఒకరి లెక్కన ఐదుగురు ఉండాలి. ఏ ఆట బాధ్యతా లేని ఆరో మనిషి కూడా కావాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆసుపత్రికి వెంట వెళ్లాల్సింది ఆ మనిషే. టీచర్లు లేకపోతే తల్లిదండ్రుల్లో ఇద్దరిని అడగండి.

ఆట జరుగుతున్నంత సేపూ పిల్లల మీద అందరి కళ్లూ ఉంటాయి. చిక్కంతా ఒక ఆట ముగిసి ఇంకో ఆటకు వెళ్లే దారిలోనే. 200 మీటర్ల హీట్స్ అయిపోయిన పిల్ల ఖోఖో కోర్టుకు బయల్దేరుతుంది. అక్కడికి వెళ్లిందనుకుంటారు ట్రాక్ దగ్గరి సారు. ఇంకా ట్రాక్ దగ్గరే ఉందనుకుంటారు ఖోఖో మేడమ్. అందుకే ముందు రోజు రాత్రే ఎవరికి ఏయే ఆటలున్నాయో, ఏ సమయానికో ఒక కాగితం మీద రాసుకోండి. రెండు ఆటలున్న పిల్లల పేర్లకు గుండ్రంగా చుట్టండి. వాళ్లను ఒక పెద్దమనిషి వెంట నడిచి వెళ్లి చేతికి చేయి అప్పగించాలి. ఫోన్‌లో ‘పంపించా’ అంటే అప్పగించినట్టు కాదు.

‘అందరూ వచ్చారా?’ అని మాత్రం అడక్కండి. నలభై గొంతులు ‘వచ్చాం సార్’ అంటాయి, రానివాడు రాలేదని చెప్పడానికి అక్కడ ఉండడు కదా! ఒక్కొక్కరికీ ఒక నంబరిచ్చి, బస్సెక్కినా దిగినా, భోజనం దగ్గరా వరసగా పలికించండి.

మైదానంలో మరో రెండు చోట్ల జాగ్రత్త. భోజనానికి వెళ్లే హడావిడిలో పిల్లలు జావెలిన్ పడే చోటు మీదుగా అడ్డదారి తొక్కుతారు. నేలకు బిగించని ఫుట్‌బాల్ గోల్‌పోస్టు పట్టుకుని వేలాడితే అది వాళ్ల మీదికే ఒరుగుతుంది. ఉరుము వినిపిస్తే ఆట ఆపి పిల్లల్ని భవనంలోకో, తలుపులు మూసిన బస్సులోకో పంపండి. షామియానా కిందికి వద్దు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ మైదానం.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్లు. 800 మీటర్లు పరిగెత్తి గీత దాటగానే కూలబడ్డాడు. అందరూ చుట్టూ మూగి నోట్లో నీళ్లు పోశారు. అది సరైన పనేనా? (ఒక తల్లి, కూకట్‌పల్లి)

జవాబు: కాదమ్మా. ముందు పలకరించాలి. పేరు అడిగితే తడబడుతున్న పిల్లవాడైనా చెప్పేస్తాడు, కాబట్టి ‘ఇప్పుడు ఏ పోటీలో పరిగెత్తావు, ఎన్నో స్థానం వచ్చింది?’ అని అడగండి.

చక్కగా జవాబిస్తే చాలావరకు భయం లేదు. పరుగు ఉన్నట్టుండి ఆపేయడంతో రక్తం కాళ్లలో నిలిచి తల తిరుగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెడితే కొన్ని నిమిషాల్లో తేరుకుంటాడు. గీత దాటాక కూడా నడుస్తూ ఉండమని పిల్లలకు నేర్పాల్సింది ఇందుకే.

ఒళ్లు కాలిపోతూ, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా వడదెబ్బే అనుకోండి. చెమట పట్టిందని కాదనుకోవద్దు, ఆటలో వచ్చే వడదెబ్బకు చెమట ఉండొచ్చు. నుదుటి దగ్గర చూసే థర్మామీటరునూ నమ్మొద్దు. లోపల 40 డిగ్రీలు దాటినా అది తక్కువే చూపించవచ్చు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ ఈ వేడికి పనిచేయదు.

ఒకరు 108కు ఫోన్ చేస్తుండగానే మిగతావాళ్లు చల్లబరచాలి. పెద్ద టబ్బులో నీళ్లు, ఐసు పోసి మెడ దాకా కూర్చోబెట్టండి. తల మునగకుండా వెనకనుంచి ఒకరు చంకల కింద పట్టుకోవాలి. టబ్బు లేకపోతే ఐసునీళ్లలో ముంచిన ఆరేడు తువాళ్లు ఒంటినిండా కప్పి, వేడెక్కిన తువాలును వేడెక్కినట్టే మారుస్తూ ఉండండి. అంబులెన్సు వచ్చిందని ఈ పని మధ్యలో ఆపి పరుగులు తీయకూడదు: ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. మాట తేటపడి, వణుకు మొదలైతే ఆపవచ్చు.

పలకకుండా, ఊపిరి సరిగా తీసుకోకుండా పడిపోతే మాత్రం అది గుండె ఆగడం కావచ్చు. వెంటనే సీపీఆర్ (ఛాతీ మధ్యలో రెండు చేతులతో వరసగా నొక్కడం) మొదలుపెట్టాలి.

ఓఆర్‌ఎస్ మాటకొస్తే, పెద్ద ప్యాకెట్ మొత్తాన్ని సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. సగం ప్యాకెట్ గ్లాసులో కలిపి ఇస్తే ఉప్పు గాఢత పెరిగి మేలుకు బదులు కీడు జరుగుతుంది.

ప్రశ్న: కబడ్డీలో మా ఆటగాడి తల నేలకు కొట్టుకుంది. రెండు గంటల్లో ఫైనల్. ‘బాగానే ఉన్నా’ అంటున్నాడు. ఆడించవచ్చా? (ఒక కోచ్, సరూర్‌నగర్)

జవాబు: వద్దు. తలకు దెబ్బ తగిలి ఒక్క క్షణం తికమకపడినా, కళ్లు తిరిగినా, తలనొప్పన్నా ఆ రోజుకు ఆట లేదు. ‘బాగానే ఉన్నా’ అనేది ఫైనల్ ఆడాలనుకునే పిల్లవాడి మాట, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, మెడనొప్పి, ఫిట్స్, లేపినా లేవని మగత, వీటిలో ఏది కనిపించినా నేరుగా ఆసుపత్రికే. ఆ రాత్రి గదిలో ఒంటరిగా పడుకోనివ్వకండి.

ప్రశ్న: మా అమ్మాయి టీమ్‌తో నాలుగు రాత్రులు బయట ఉంటుంది. నిర్వాహకుల్ని ఏం అడగాలి? (ఒక తండ్రి, మెహిదీపట్నం)

జవాబు: మొహమాటపడకుండా అడగండి. అమ్మాయిలతో రాత్రి కూడా ఉండే మహిళా మేనేజర్ ఎవరు? పెద్దవాళ్లకు వేరే గదులున్నాయా? మసాజ్, ఫిజియో చేసేటప్పుడు తలుపు తెరిచి ఇంకో పెద్దమనిషి ఉంటారా? సమాచారమంతా తల్లిదండ్రులున్న గ్రూపులోనే పెడతారా, కోచ్ విడిగా పిల్లకు మెసేజ్ చేస్తారా? చివరిది ఉంటే ఒప్పుకోకండి.

ఏదైనా జరిగితే ‘మనలో మనం తేల్చుకుందాం’ అనే మాట చెల్లదు. 18 ఏళ్ల లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసులకు చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది. చెప్పకపోవడమే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098, అత్యవసర సాయం 112 నంబర్లు అమ్మాయికి నోటికొచ్చి ఉండాలి, ఫోన్ తీసి పెట్టుకునే క్యాంపులు ఎక్కువ.

ప్రశ్న: మా వాడికి ఉబ్బసం. ఇన్‌హేలర్ వాడితే డోపింగ్ అంటారా? (ఒక తల్లి, ఉప్పల్)

జవాబు: సాల్బుటమాల్ ఇన్‌హేలర్‌కు అనుమతి ఉంది. 24 గంటల్లో 1600 మైక్రోగ్రాములు, ఏ 8 గంటల్లోనూ 600 మైక్రోగ్రాములు దాటకూడదు. పఫ్‌కు 100 చొప్పున చూస్తే 8 గంటల్లో ఆరు. అదే మందు మాత్రగానో సిరప్‌గానో తీసుకుంటే నిషేధం కిందికి వస్తుంది, ముందస్తు మినహాయింపు ఉండాలి. అయితే ఆయాసం ముంచుకొస్తే పఫ్‌లు లెక్కపెడుతూ కూర్చోకుండా మందు వేసి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇన్‌హేలర్ బస్సులో ఉన్న బ్యాగులో కాదు, వాడు ఆడుతున్న కోర్టు పక్కనే ఉండాలి.