మెదడు కణితుల ప్రాజెక్టులో 99 శాతం వచ్చింది, దీన్ని స్కాన్ సెంటరుకు ఇవ్వవచ్చా?

డేటాసెట్లు పంచుకునే కాగుల్ వెబ్‌సైటులో దొరికే ఎం.ఆర్.ఐ. బొమ్మలతో, బొమ్మలను గుర్తు పట్టే రెస్‌నెట్-50 అనే నెట్‌వర్క్‌కు శిక్షణ ఇస్తే టెస్టులో 99 శాతం అక్యురసీ వచ్చిందనీ, ఈ మోడల్‌ను ఒంగోలులో తెలిసినవారి స్కాన్ సెంటరుకు ఇస్తే ఉపయోగపడుతుందా అనీ, ప్రాజెక్టు రివ్యూలో మెప్పు పొందాలంటే ఇంతకంటే మంచి నెట్‌వర్క్ ఏదనీ మీరు అడిగారు. ఇప్పుడున్న రూపంలో దాన్ని ఎవరికీ ఇవ్వకూడదనీ, నెట్‌వర్క్ మార్చినంత మాత్రాన పరిస్థితి మారదనీ నా అభిప్రాయం. నెల్లూరు జిల్లాలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతూ, దాదాపు ఏటా ఇదే అంశం తీసుకునే ఏదో ఒక బ్యాచ్‌కు గైడ్‌గా ఉంటున్నాను కాబట్టి, ఆ 99 ఎక్కడి నుంచి వస్తుందో కొంచెం వివరంగా రాస్తాను.

మీరు వాడినది గ్లయోమా (మెదడు కణజాలంలోనే పుట్టే కణితి), మెనింజియోమా (మెదడు పొరలలో పుట్టేది), పిట్యూటరీ గ్రంథి కణితి, కణితి లేనివి అనే నాలుగు తరగతులున్న 7023 బొమ్మల సెట్టు అయి ఉంటుంది. అది ఒకే ఆసుపత్రిలో సేకరించినది కాదు, మూడు వేర్వేరు సెట్లను కలిపి తయారు చేసినది. ఆ మూడింటిలో ఒకటి పరిశోధకులు డేటా ఉంచే ఫిగ్‌షేర్ సైటులో ఉన్న ప్రసిద్ధ సెట్టు. చైనాలోని గ్వాంగ్‌జౌ, తియాన్‌జిన్ నగరాల ఆసుపత్రులలో 2005 నుంచి 2010 వరకు సేకరించిన 3064 స్లైసులు (తలను పొరపొరగా చూపే కోత బొమ్మలు) అందులో ఉన్నాయి. అయితే రోగులు మాత్రం 233 మందే. అంటే సగటున ఒక్కొక్కరి తల నుంచి 13 స్లైసులు వచ్చాయన్న మాట. మీరు బొమ్మలన్నిటినీ కలగలిపి 80, 20 పాళ్లలో విడదీస్తే, ఒకే రోగికి చెందిన పక్కపక్క స్లైసులలో కొన్ని శిక్షణలోకీ కొన్ని పరీక్షలోకీ పోతాయి. ఒకే మడిలో కోసిన మొలగొలుకుల వడ్లను రెండు దోసిళ్ళుగా పట్టి, ఒక దోసిలిని చూపించి రెండవదాన్ని గుర్తు పట్టమన్నట్లుంటుంది ఆ పరీక్ష. మోడల్ కణితిని నేర్చుకుందో, ఆ మనిషి పుర్రె ఆకారాన్ని గుర్తు పెట్టుకుందో ఆ అంకెను బట్టి చెప్పలేము. ఫిగ్‌షేర్ సెట్టును విడుదల చేసినవారు ప్రతి ఫైలులోనూ రోగి గుర్తింపు సంఖ్యను ఉంచారు, రోగుల వారీగా ఐదు భాగాలు చేసిన సూచికను కూడా జతచేశారు. జేపీజీ బొమ్మలుగా మార్చి కాగుల్‌లో పంచుకునేటప్పటికి ఆ సమాచారం జారిపోయింది. మా విద్యార్థులు మూల ఫైళ్లకు వెళ్లి రోగుల వారీగా విడదీసినప్పుడల్లా అక్యురసీ తగ్గింది, తగ్గుదల ముఖ్యంగా మెనింజియోమాలో కనిపించింది.

రెండవ లోపం ఇంకా లోతైనది. ఆ సెట్టులో కణితి లేని బొమ్మలు వేరే చోటి నుంచి వచ్చాయి. ఫిగ్‌షేర్ స్లైసులన్నీ కాంట్రాస్టు మందు (కణితి వెలిగి కనిపించేలా రక్తంలోకి ఇచ్చేది) ఎక్కించి తీసిన టీ1 (ఎం.ఆర్.ఐ. తీసే పద్ధతులలో ఒకటి) బొమ్మలు, వాటిలో ప్రతి ఒక్కదానిలోనూ కణితి ఉంది. ఆరోగ్యవంతుల బొమ్మల పరిమాణం, అంచులు, వెలుగునీడలు వేరుగా ఉంటాయి. కాబట్టి కణితిని చూడకుండానే, బొమ్మ ఏ సెట్టు నుంచి వచ్చిందో గుర్తు పట్టి మోడల్ సరైన సమాధానం చెప్పగలదు. మోడల్ బొమ్మలో ఏ చోటును చూసి సమాధానం చెప్పిందో రంగులతో చూపే గ్రాడ్-క్యామ్ పెట్టి చూడండి. మా బ్యాచ్‌లలో ఒకదాని ఫలితంలో, కణితి లేదన్న సమాధానానికి ఆధారంగా ఎర్రబడిన చోటు చాలా బొమ్మలలో మెదడులో కాక నల్లని మూలలలో ఉంది.

నెల్లూరు పొగతోట ప్రాంతంలో పనిచేసే ఒక రేడియాలజిస్టుగారు పెద్దమనసుతో మాకు సమయం ఇచ్చి, అనుమతులు తీసుకుని, పేరూ వివరాలూ తొలగించిన కొన్ని స్కాన్ల మీద విద్యార్థుల మోడల్‌ను నడపనిచ్చారు. అక్కడ మాకు మొదట ఎదురైన చిక్కు కాంట్రాస్టుది. తలనొప్పితోనో ఫిట్స్‌తోనో వచ్చిన ప్రతివారికీ గాడోలినియం అనే ఆ కాంట్రాస్టు మందు ఎక్కించరు. ముందు సాదా స్కాన్ తీసి, అనుమానం ఉంటేనే, అదీ మూత్రపిండాల పనితీరు చూసుకుని ఎక్కిస్తారు. కాంట్రాస్టు టీ1 ఎక్కువగా చూసి పెరిగిన మోడల్‌కు ఆ సాదా స్కాన్ అర్థం కాదు. పైగా సెంటరులో ఒక్క స్లైసు చేతికివ్వరు. టీ1, టీ2, ఫ్లెయిర్, డిఫ్యూజన్ అంటూ పలు సీక్వెన్సులలో (స్కాన్ తీసే పద్ధతులలో) వందల స్లైసులు డైకామ్ అనే వైద్య చిత్రాల ఫైళ్లుగా ఉంటాయి. వాటిలో ఏ స్లైసు చూడాలో తేల్చడమే సగం పని, మీ సెట్టులో ఆ పనిని ఎవరో ముందే చేసిపెట్టారు.

డాక్టరుగారు చూపించిన మరొక స్కాన్‌లో ఉంగరంలాగా కాంట్రాస్టు పట్టిన చిన్న మచ్చ ఉంది. మోడల్ దాన్ని గట్టి నమ్మకంతో గ్లయోమా అన్నది. ఆయన మాత్రం క్షయ గడ్డను ముందు అనుమానించి, మచ్చలోని రసాయనాలను కొలిచే స్పెక్ట్రోస్కోపీలో లిపిడ్ (కొవ్వు) శిఖరం ఉందేమో చూడాలన్నారు. మన దేశంలో ఉంగరపు మచ్చ కనిపిస్తే క్షయ వల్ల ఏర్పడే ట్యూబర్‌క్యులోమా, బద్దెపురుగు పిల్లదశ మెదడులో చేరడం వల్ల వచ్చే న్యూరోసిస్టిసర్కోసిస్ అనే రెండూ తప్పక ఆలోచనలోకి రావాలి; రెండింటికీ మందులున్నాయి. నాలుగు తరగతుల మోడల్‌కు ఆ రెండూ లేనే లేవు, తరగతుల మధ్య సంభావ్యతను పంచే చివరి మెట్టయిన సాఫ్ట్‌మాక్స్‌కు «నాకు తెలియదు» అనే సమాధానమూ లేదు, ఉన్న నాలుగింటిలో ఒకటి ఎంచుకోక తప్పదు. ఆ స్కాన్ తాలూకు మనిషికి క్యాన్సరు గడ్డ అన్న మాట ముందుగా చేరి ఉంటే ఆ ఇల్లు ఏమై ఉండేదో మీరే ఊహించండి.

అంకెల లెక్క కూడా ఒకసారి చూడండి. తలనొప్పితో స్కాన్‌కు వచ్చిన 1000 మందిలో 10 మందికి కణితి ఉందని, మీ మోడల్ కణితి ఉన్నవారిని 95 శాతం, లేనివారిని 95 శాతం సరిగ్గా చెబుతుందని అనుకుందాం. ఉన్నవారిలో తొమ్మిది పదిమందిని పట్టుకుంటుంది, లేని 990 మందిలో దాదాపు 50 మందిని భయపెడుతుంది. అది ఉందన్న ప్రతి ఆరుగురిలో ఐదుగురికి ఏమీ ఉండదు. కణితి ఉన్న బొమ్మలే ఎక్కువగా ఉండే కాగుల్ సెట్టులో ఈ ఇబ్బంది కనబడదు.

ఇక ఏమి చేయాలి? మీకు సమయం ఉంటే, కణితి రకం పేరు చెప్పడం మానేసి, బొమ్మలో కణితి హద్దు గీయడం వైపు ప్రాజెక్టును మళ్లించమంటాను. ఫిగ్‌షేర్ ఫైళ్లలో నిపుణులు గీసిన కణితి హద్దులు ఉన్నాయి. 2012 నుంచి వైద్య చిత్రాల విశ్లేషణకు సంబంధించిన మిక్కాయ్ సదస్సుతో కలిసి జరుగుతున్న, మెదడు కణితుల హద్దులు గీసే బ్రాట్స్ పోటీ సెట్టులో టీ1, కాంట్రాస్టు టీ1, టీ2, ఫ్లెయిర్ నాలుగూ ఒకే కొలతకు సర్దినవి దొరుకుతాయి. ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయం నుంచి 2015లో వచ్చిన, హద్దులు గీసే యూ-నెట్ నెట్‌వర్క్‌ను తీసుకుని, రెండు కొలతల స్లైసులతో మొదలుపెడితే గూగుల్ కోలాబ్ ఉచిత జీపీయూ సరిపోతుంది. మీ డైస్ స్కోరు (మోడల్ గీసిన హద్దు నిపుణుల హద్దుతో ఎంత కలిసిందో చెప్పే అంకె, గరిష్ఠం 1) 0.8 దగ్గర ఆగితే దిగులు పడవద్దు: 2020 బ్రాట్స్‌లో మొదటి స్థానం పొందిన, యూ-నెట్ ఆధారంగా చేసిన ఎన్ఎన్‌యూ-నెట్‌కు మొత్తం కణితికి దాదాపు 0.89, కాంట్రాస్టు పట్టే భాగానికి దాదాపు 0.82 వచ్చాయి. రివ్యూలో ఎవరైనా «99 ఎందుకు రాలేదు» అని అడిగితే ఆ అంకెలను చూపించండి. నన్నడిగితే, హద్దు గీసే మోడల్‌కే మన ఊళ్ల సెంటర్లలో నిజమైన అవసరం ఉంది. మెనింజియోమాను ఆపరేషన్ చేయకుండా గమనిస్తున్నవారికి, ఆపరేషన్ తరువాత ఏటా స్కాన్‌కు వచ్చేవారికి, గడ్డ పెరిగిందా లేదా అన్నది నిరుటి ఫిల్ముతో పోల్చి చెప్పాలి. ఘనపరిమాణం లెక్క అందితే రేడియాలజిస్టు దాన్ని సరిచూసి వాడుకోగలరు. గ్లయోమా రకాన్ని తేల్చే బాధ్యత మాత్రం స్కాన్ మీద వేయవద్దు. 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ప్రకారం దానికి ఐ.డి.హెచ్. అనే జన్యువులోని మార్పు (మ్యుటేషన్) వంటివి తేల్చే జన్యు పరీక్షలు కావాలి.

స్కాన్ సెంటరు వారిని కలవడం మానవద్దు, కానీ మోడల్ ఇవ్వడానికి కాక అడిగి తెలుసుకోవడానికి వెళ్లండి. రోగ నిర్ణయానికి వాడే సాఫ్ట్‌వేరు 2017 నాటి వైద్య పరికరాల నియమాల కిందకు వస్తుంది, భారత వైద్య పరిశోధన మండలి (ఐ.సి.ఎం.ఆర్.) 2023లో కృత్రిమ మేధకు ప్రత్యేకంగా నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. అక్కడి స్కాన్లను పరిశోధనకు తీసుకోవాలంటే నైతిక కమిటీ అనుమతి ముందు ఉండాలి. పేరు తుడిచిన ఫైలులో కూడా డైకామ్ హెడర్‌లో (ఫైలు మొదట ఉండే వివరాలలో) పుట్టిన తేదీ, సెంటరు పేరు మిగిలిపోవచ్చు, తల మొత్తం ఉన్న స్కాన్ నుంచి ముఖాన్ని తిరిగి గీయవచ్చు కూడా, అందుకే బ్రాట్స్ వారు పుర్రెను తీసేసి ఇస్తారు. ఫిల్మును ఫోనుతో ఫోటో తీసి మోడల్‌కు పెట్టే పని అసలే చేయకండి.