పథేర్ పాంచాలి: ముందు సినిమానా, నవలా?

'పథేర్ పాంచాలి' బెంగాల్ పల్లెటూరి కథ, అదీ సత్యజిత్ రే తీసిన 1955 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా, మనకి ఎక్కుతుందా, నవల ముందు చదవాలా అని ఒకరు అడిగారు. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. బాగా ఎక్కుతుంది. ముందు సినిమా చూడండి, ఆ తర్వాతే నవల. ఎందుకో చెప్పాలంటే కథ కొంత బయటపడుతుంది, అది వద్దనుకుంటే చూశాక వచ్చి చదవండి.

అందరూ చెప్పుకునేది రైలు సీను. అక్క దుర్గ, తమ్ముడు అపు తెల్లగా పూసిన గడ్డిలోంచి పోతూ రైలు చప్పుడు వింటారు. ఆ గడ్డి మన రెల్లే. దసరాల రోజుల్లో గోదావరి లంకల్లోకి వెళ్తే మనిషెత్తున అలాగే పూసి ఉంటుంది. (సత్యజిత్ రే కొంత తీసి మళ్ళీ వెళ్ళేసరికి పశువులు ఆ పూలన్నీ మేసేశాయట. మరుసటి ఏడు పూతకి గానీ మిగతాది తీయలేకపోయాడు.) అపు పరుగెత్తి రైలుని దగ్గరగా చూస్తాడు. దుర్గ దారిలో పడిపోతుంది.

విభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ నవల 1929లో పుస్తకంగా వచ్చింది. అందులో దుర్గ అసలు రైలే చూడదు. జ్వరంతో పడుకుని, తగ్గాక ఒకసారి రైలు చూపిస్తావా అని తమ్ముణ్ణి అడుగుతుంది, అంతే. కోనసీమలో పెరిగినవాళ్ళకి ఈ మాట ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు. కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను పనులు ఏళ్ళ తరబడి సాగుతూనే ఉన్నాయి. మా చిన్నప్పుడు రాజమండ్రి వెళ్ళేటప్పుడు గేటు పడితే పెద్దవాళ్ళు విసుక్కునేవాళ్ళు, పిల్లలకి మాత్రం పండగే. నవల ముందు చదివితే సినిమాలో ఆ ఘట్టం మార్చేశారనిపిస్తుంది. చూశాక చదివితే మాత్రం, రే ఆ పిల్లకి కనీసం రైలు చప్పుడైనా వినిపించాడని మనసు తడుస్తుంది.

ఆ పిల్లల ఇంట్లోనే ఉండే ముసలి బంధువు ఇందిర్ నవలలో తొందరగానే పోతుంది, సినిమాలో చాలాసేపు ఉంటుంది. చునీబాలా దేవి ఆ పాత్రలో నటించిందని నాకెప్పుడూ అనిపించదు. మా నాన్న మేనత్త ఇలాగే మా వసారాలో ఉండేది. కంచు చెంబు, తాటాకు బుట్ట, రెండు చీరలు, అదే ఆవిడ ఆస్తి. మాటా మాటా వస్తే మూట కట్టుకుని చెల్లెలింటికి పోయేది, మళ్ళీ వచ్చేది. మా అమ్మ ఏమీ అనకుండా కంచం పెట్టేది. అందుకని సినిమాలో పిల్లల తల్లి సర్వజయ ఆ ముసలామెని కసురుకుంటుంటే ఒళ్ళు మండుతుంది. కానీ ఆమెని చెడ్డది అనుకోకండి. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తుంటే ఇంటి ఇల్లాలి కోపం ముందుగా పడేది నోరులేనివాళ్ళ మీదే.

సినిమా స్లో అని కొందరనే మాట కొంత నిజమే, ముఖ్యంగా మొదటి అరగంట. 1996 నవంబరు తుపానుకి మన దగ్గర ఉన్నవాళ్ళెవరూ సినిమాలోని గాలివాన రాత్రిని మాత్రం స్లో అనరు. ఆ తుపాను రాత్రి మా అమ్మ తలుపుకి బియ్యం డబ్బా అడ్డం జరిపి, దాని మీద తనే కూర్చుంది. పక్కన జ్వరంతో బిడ్డ, విరిగిపోయేలా కొట్టుకుంటున్న తలుపు, సర్వజయ అవస్థ అదే.

నవల సినిమా ఆగిన చోట ఆగదు, కాశీ దాకా వెళ్తుంది. ఆ భాగం రే తర్వాతి సినిమా 'అపరాజితో'లో ఉంది. చూసేటప్పుడు 2015లో బాగుచేసిన ప్రింటే వెతుక్కోండి. పాత కాపీల్లో ఆ గాలివాన రాత్రి సగం చీకట్లోనే కలిసిపోతుంది.