ఆరేళ్ల పాపను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించవచ్చా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మావారు నేవల్ డాక్‌యార్డులో సివిలియన్ ఉద్యోగి. నేను ఎమ్మెస్సీ చదివాను, పాప పుట్టాక ఉద్యోగం మానేశాను. పాపకు వచ్చే నెల ఆరేళ్లు నిండుతాయి. యూకేజీ దగ్గర్లోని ఒక ప్రైవేటు స్కూల్లో చదివింది. ఏడాది పొడుగునా ఏడుస్తూనే వెళ్లింది. ఇంట్లో నేను చెబితే మాత్రం చకచకా నేర్చుకుంటోంది. అందుకే ఒకటో తరగతిలో చేర్చకుండా హోమ్‌స్కూలింగ్ మొదలుపెట్టాను. మొన్న వార్డు సచివాలయం నుంచి ఒకమ్మాయి వచ్చి పాప ఏ స్కూలని అడిగింది. ఇంట్లోనే అంటే, బడి బయటి పిల్లల జాబితాలో రాసుకోవాలని, మళ్లీ వస్తానని చెప్పి వెళ్లింది. పోలీసు కేసు అవుతుందేమోనని అప్పటి నుంచి మా అత్తగారికి ఒకటే టెన్షన్. మావారు సగం మనసుతోనే ఒప్పుకున్నారు. తెలిసినవాళ్లు ఏదో ఒక స్కూల్లో పేరుకు అడ్మిషన్ వేయించమంటున్నారు. పక్క వీధిలో ఇద్దరు ముగ్గురు తల్లులు తమ పిల్లలకు కూడా నన్నే చెప్పమంటున్నారు. చట్టం ఏమంటోంది? రేపు పదో తరగతికి ఇబ్బంది అవుతుందా?
- ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండి. బిడ్డను ఇంట్లో చదివిస్తున్నందుకు విద్యా హక్కు చట్టం కింద తల్లిదండ్రుల మీద పోలీసు కేసు ఉండదు. ఆ చట్టంలో తల్లిదండ్రులకు జరిమానా గానీ జైలు గానీ ఎక్కడా రాయలేదు. కానీ ఇక్కడితో ఆపేస్తే మీకు సగం మాటే చెప్పినట్టవుతుంది. మిగతా సగం మీకు అంత ఇష్టంగా ఉండకపోవచ్చు, అయినా చెప్పాలి.

2002లో 86వ సవరణ ద్వారా రాజ్యాంగంలో 21ఎ అధికరణం వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత, నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు అయింది. దాన్ని అమలు చేసేదే విద్యా హక్కు చట్టం, 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 'నిర్బంధ' అన్న మాట చూసి చాలామంది ఉలిక్కిపడతారు. ఆ నిర్బంధం ప్రభుత్వం మీద అని చట్టంలోని 8వ సెక్షన్ విడమర్చి చెబుతోంది. పిల్లలు బడిలో చేరేలా, హాజరయ్యేలా, ఎనిమిదో తరగతి దాకా చదువు పూర్తిచేసేలా చూడాల్సింది ప్రభుత్వం. 9వ సెక్షన్ ప్రకారం తన పరిధిలో పద్నాలుగేళ్లలోపు పిల్లల వివరాలు స్థానిక సంస్థ దగ్గర ఉండాలి. సచివాలయం అమ్మాయి మీ ఇంటికి రావడం ఆ పనిలో భాగమే. మీ మీద నిఘా అనుకోకండి.

తల్లిదండ్రుల గురించి చెప్పేది 10వ సెక్షన్. పిల్లలను దగ్గర్లోని బడిలో చేర్చడం తల్లిదండ్రుల కర్తవ్యం అని అందులో స్పష్టంగా ఉంది. మీ పాపకు ఇంకా ఆరేళ్లు నిండలేదు కాబట్టి ఈ రోజుకు అది మీకు వర్తించదు. వచ్చే నెల నుంచి వర్తిస్తుంది. రాజ్యాంగంలోని 51ఎ(కె) కూడా తల్లిదండ్రుల విధి గురించే. అయితే అక్కడ 'చదువుకునే అవకాశాలు కల్పించాలి' అని ఉంది తప్ప బడి అన్న మాట లేదు. హోమ్‌స్కూలింగ్‌ను సమర్థించేవాళ్లు ఈ తేడానే పట్టుకుంటారు. బలమైన వాదనే. 2012లో ఢిల్లీ హైకోర్టులో ఒక కేసులో కేంద్ర ప్రభుత్వం, ఇష్టపడి ఇంట్లో చదివించుకునేవాళ్లకు ఈ చట్టం అడ్డు రాదని అఫిడవిట్ కూడా వేసింది. కానీ అఫిడవిట్ తీర్పు కాదు. ప్రభుత్వం తన వైఖరి ఎప్పుడైనా మార్చుకోవచ్చు. దాన్ని ప్రింట్ తీసి గోడకు అంటించుకుని నిశ్చింతగా కూర్చోవద్దు.

కాబట్టి మీరు నేరం చేయడం లేదు. అలాగని చట్టం మీ పద్ధతిని గుర్తించి ముద్ర వేసిందీ లేదు. బడికి వెళ్లే పిల్లల విషయంలో కాగితాల పని అంతా స్కూలే చూసుకుంటుంది. మీ పాప విషయంలో ఆ కాగితాలు మీరే తయారుచేసుకోవాలి. నా జవాబులో మీకు అన్నిటికంటే పనికొచ్చే మాట ఇదే.

పేరుకు అడ్మిషన్ వేయించే సలహా దగ్గరికి వస్తాను. దయచేసి ఆ పని చేయకండి. చాలా ఇళ్లలో ఇది మామూలైపోయింది, అందుకే గట్టిగా చెబుతున్నాను. బడికి రాని బిడ్డకు రోజూ హాజరు వేయడమంటే ఆ స్కూలు తప్పుడు రికార్డు రాయడమే. ఆ రికార్డు చూపించి మీరు ఎక్కడైనా డబ్బు తీసుకుంటే ఆ తప్పులో మీకూ భాగం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు పిల్లల చదువు భత్యం ఉంది, నెలకు 2,250 రూపాయలు ఉండేది 2024 జనవరి నుంచి 2,812.50 అయింది. బిడ్డ ఫలానా స్కూల్లో చదువుతోందని ఆ స్కూలు హెడ్ ఇచ్చే సర్టిఫికెట్ మీద అది వస్తుంది. మీ పాప ఇంట్లో చదివినంత కాలం మీవారు ఆ భత్యం క్లెయిమ్ చేయకూడదు. ఏడాదికి 33,750 రూపాయలు పోతాయి, నిజమే. కానీ తప్పుడు సర్టిఫికెట్ పెట్టి దొరికితే పోయేది మీవారి సర్వీసు రికార్డు. మిగతా పాఠకులు కూడా గమనించండి: రాష్ట్ర ప్రభుత్వం 'తల్లికి వందనం' డబ్బు కూడా బడిలో 75 శాతం హాజరు ఉన్న పిల్లలకే. ఇంట్లో చదివే బిడ్డ పేరు మీద అది రాదు, రప్పించుకోవాలని చూడకూడదు.

మీవారు సగం మనసుతో ఒప్పుకున్నారన్నారు. కేసుల సంగతి తెలిసినవాణ్ని కాబట్టి, నాకు పోలీసుల కంటే ఈ మాటే ఎక్కువ బెంగ కలిగించింది. భార్యాభర్తల మధ్య ఏదైనా తేడా వస్తే, 'బిడ్డను బడికి కూడా పంపలేదు' అన్నది పిటిషన్‌లో మొదటి పేరాలోకి ఎక్కుతుంది. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం సహజ సంరక్షకుడిగా తండ్రిని, 'ఆయన తర్వాత' తల్లిని చెప్పింది. ఆయన తర్వాత అంటే ఆయన చనిపోయాకే అని అర్థం కాదని సుప్రీంకోర్టు 1999లో తేల్చింది. ఏది ఏమైనా కోర్టు చివరికి చూసేది బిడ్డ బాగోగులే. మీరిద్దరూ నాలుగు రోజులు తీరిగ్గా మాట్లాడుకోండి. సాయంత్రం బీచ్ రోడ్డులో నడుస్తూ అయినా సరే. ఆయన భయాలేమిటో పూర్తిగా వినండి. ఒప్పుకుంటే ఇద్దరూ సంతకం చేసి ఒక కాగితం రాసుకోండి: ఎందుకు ఇంట్లో చదివిస్తున్నాం, ఎవరు ఏం చెబుతారు, ఏడాది తర్వాత ఏ లెక్కన మళ్లీ ఆలోచిస్తాం. ఒప్పుకోకపోతే కొనసాగించకండి.

బడి బయటి పిల్లల జాబితా గురించి. బడి మానేసిన పిల్లలను, పనికి పంపిన పిల్లలను, చిన్న వయసులో పెళ్లి చేయబోతున్న ఆడపిల్లలను కనిపెట్టడానికి ఆ జాబితా చాలా అవసరం. ఆ అమ్మాయిని కసురుకోకండి, అబద్ధమూ చెప్పకండి. మండల విద్యాధికారి పేరిట ఒక పేజీ ఉత్తరం రాయండి. పాప పేరు, పుట్టిన తేదీ, ఇంటి చిరునామా, పాప ఇంట్లోనే ఏయే సబ్జెక్టులు ఎవరి దగ్గర చదువుతోంది, మీ చదువు ఏమిటి, కావాలంటే ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు, అవసరమైతే బడిలో చేర్చడానికి సిద్ధం - ఇంతే రాస్తే చాలు. కింద తల్లి, తండ్రి ఇద్దరూ సంతకం చేయాలి. ఒక కాపీ స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సచివాలయం వాళ్లు మరీ పట్టుబడితే పాపతో మాట్లాడనివ్వండి. చదువుకుంటున్న బిడ్డ రెండు నిమిషాల్లోనే తెలిసిపోతుంది. బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ శిక్షించేది కావాలని బిడ్డను గాలికొదిలేసి బాధపెట్టేవాళ్లను. శ్రద్ధగా చదివించే తల్లికి దానితో పని లేదు.

ఇక ఇంట్లో దాచాల్సినవి. జీవీఎంసీ ఇచ్చిన జనన ధ్రువపత్రం అన్నిటికీ మూలం. స్కూలు స్టడీ సర్టిఫికెట్ ఉండదు కాబట్టి పాప పుట్టిన తేదీకి రేపు అదే ఆధారం. అందులో పాప పేరు నమోదైందో లేదో ఇవాళే చూడండి. చాలామంది పుట్టినప్పుడు పేరు రాయించకుండా వదిలేస్తారు. ఐదేళ్లు దాటాయి కాబట్టి ఆధార్‌లో వేలిముద్రలు, కంటిపాప అప్‌డేట్ చేయించండి. టీకాల కార్డు, పుస్తకాలు కొన్న రసీదులు, తేదీలు వేసిన నోటుబుక్కులు ఒక ఫైల్లో పెట్టండి. పాప వారం వారం ఏం నేర్చుకుందో ఒక డైరీలో రెండు వాక్యాలు రాయండి. ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయానికో, కురుసుర జలాంతర్గామి మ్యూజియానికో, తొట్లకొండకో తీసుకెళ్లిన రోజున అదీ రాయండి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర మట్టి ఎందుకు ఎర్రగా ఉందని పాప అడిగిందనుకోండి, ఆ ప్రశ్న కూడా రాయండి. రేపు ఏ అధికారైనా అడిగితే మీ మాటకు ఆ డైరీయే సాక్ష్యం.

పక్క వీధి పిల్లల విషయంలో జాగ్రత్త. సాయంత్రం ట్యూషన్ చెప్పడం వేరు. బడి మాన్పించి, పొద్దున్నుంచి మీ ఇంట్లో కూర్చోబెట్టి, ఫీజు తీసుకుని చదువు చెబితే గుర్తింపు లేని బడి నడుపుతున్నారనే మాట వస్తుంది. విద్యా హక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం దానికి లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపకుండా కొనసాగిస్తే రోజుకు పది వేల దాకా. తల్లిదండ్రులకు శిక్ష లేని ఈ చట్టంలో గుర్తింపు లేని బడికి మాత్రం శిక్ష ఉంది. పిల్లలందరూ కలిసి ఆడుకోనివ్వండి, ఆదివారం కలిసి బొమ్మలు వేయనివ్వండి. అంతకు మించి వద్దు.

పదో తరగతికి దారి ఉంది. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్ఐఓఎస్, పద్నాలుగేళ్లు నిండినవాళ్లను పదో తరగతి పరీక్షకు తీసుకుంటుంది. ఎనిమిదో తరగతి సర్టిఫికెట్ లేకపోయినా, ఆ స్థాయి చదువు తనకు ఉందని స్వయంగా రాసిచ్చే కాగితం సరిపోతుంది. మన రాష్ట్రంలో ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా పద్నాలుగేళ్లకే పదో తరగతి రాయిస్తుంది. చిన్న తరగతులకు ఎన్ఐఓఎస్‌లో ఎ, బి, సి స్థాయిలు ఉన్నాయి, వరసగా మూడు, ఐదు, ఎనిమిది తరగతులకు సమానం. చేరేముందు ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో వయసు నిబంధన చదువుకోండి. ఓపెన్ స్కూల్లో చదివితే డాక్టరు కాలేరన్న భయం పాతది. నీట్‌కు వాళ్లను అనర్హులను చేసిన నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లోనే కొట్టేసింది.

ఎవరూ చెప్పని ఇబ్బంది ఒకటుంది, అది లోకల్, నాన్ లోకల్. మన దగ్గర కాలేజీ సీట్లలో 85 శాతం లోకల్ అభ్యర్థులకే. అర్హత పరీక్షతో (ఉదాహరణకు ఇంటర్‌తో) ముగిసే వరుస నాలుగేళ్లు ఆంధ్రా యూనివర్సిటీ పరిధిలో చదివినవాళ్లు ఇక్కడ లోకల్. దానికి మామూలుగా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. మీ పాప దగ్గర అవి ఉండవు. ఆ కాలంలో ఏ విద్యాసంస్థలోనూ చదవనివాళ్లకు, ఆ నాలుగేళ్లు ఈ ప్రాంతంలో నివాసం ఉన్నట్టు చూపిస్తే చాలని 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వే చెబుతోంది. అప్పుడు తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం కావాలి. అది రావాలంటే ఆ ఏళ్ల కరెంటు బిల్లులు, అద్దె అగ్రిమెంట్లు మీ దగ్గరుండాలి. మీవారికి వేరే ఊరికి బదిలీ అయితే పాప ఎక్కడ ఎన్నేళ్లు ఉందో రాసిపెట్టుకోండి. ఈ మాట ఇప్పుడు దూరంగా అనిపిస్తుంది. అవసరం పడే రోజున నాలుగేళ్ల కిందటి కాగితం ఎవరూ తెచ్చివ్వలేరు.

మనసు మారితే ఎలా అన్న సందేహం మీ ఉత్తరంలో లేదు, కానీ ఉండాలి. పాపకు ఎనిమిదేళ్లప్పుడు, 'అమ్మా, నేనూ బడికి వెళ్తా, స్నేహితులు కావాలి' అనవచ్చు. అప్పుడు మళ్లీ ఒకటో తరగతిలో కూర్చోబెట్టక్కర్లేదు. విద్యా హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడి ఉంటే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. చేరేటప్పుడు పిల్లకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టడం 13వ సెక్షన్ ప్రకారం నేరం, మొదటిసారి 25 వేల రూపాయల దాకా జరిమానా. చదువుకునే హక్కు పాపది, అమ్మా, మనది కాదు. తను బడి అడిగిన రోజున మీరు అభ్యంతరం చెప్పకండి.

ఇంత చెప్పాక నా సొంత మాట ఒకటి. పాప ఏడాదంతా ఏడ్చిందంటే కారణం అసలు బడికి వెళ్లడమేనా, లేక ఆ ఒక్క బడేనా అన్నది ఒకసారి చూసుకోండి. పాపను దగ్గర కూర్చోబెట్టుకుని మెల్లగా అడగండి. ఎవరైనా కొట్టారని గానీ, తాకకూడని చోట తాకారని గానీ చెబితే అది హోమ్‌స్కూలింగ్‌తో తీరేది కాదు, వెంటనే 1098కి ఫోన్ చేయండి. అలాంటిదేమీ లేదంటే, కొన్నాళ్లు మీ దగ్గరే చదవనివ్వండి.

ఉత్తరం రాయడంలో సాయం కావాలంటే జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా అక్కడ న్యాయ సహాయం ఉచితం, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. సచివాలయం అమ్మాయి మళ్లీ వచ్చేలోపు ఆ ఉత్తరం సిద్ధం చేసుకుని, తను రాగానే ఒక కాపీ ఇచ్చి, మీ కాపీ మీద తేదీ వేసి సంతకం పెట్టమనండి.