బ్రూనో గిన్నె, మామయ్య తల్లె

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నాకు 30 ఏళ్లు. మా ఆయన ప్రైవేటు ఉద్యోగి. నాలుగేళ్ల పాప ఉంది. ఏడాదిన్నర కింద మా ఆయన ఒక ల్యాబ్రడార్ కుక్కపిల్లను తెచ్చారు, పేరు బ్రూనో. మామయ్య పోయాక అత్తమ్మ అచ్చంపేట దగ్గరి ఊరి నుంచి మా ఇంటికి వచ్చి ఆరు నెలలైంది. ఆమెకు 63 ఏళ్లు, షుగర్ ఉంది. మా ఆయన తను తింటూనే బ్రూనోకు ముద్దలు పెడతారు, తిన్నాక తల్లె దాని ముందు పెడితే అది నాకుతుంది. పాప కూడా అదే నేర్చింది. ఆదివారం మటన్ తెస్తే పచ్చి కార్జం ముక్కలు, బోటి దానికి వేస్తారు. "కుక్క నాకిన తల్లెల నేను బువ్వ తినాల్నా?" అని అత్తమ్మ. "సబ్బుతో కడిగితే ఏం కాదు, యూట్యూబ్‌లో చూడు" అని ఈయన. నెల కింద ఒకరోజు చేతికి అదే దొరికిందని మామయ్య తల్లెలో బ్రూనోకు పెరుగన్నం పెట్టారు. మామయ్య బొంబాయి పనికి పోయిన రోజుల్లో కొని, పేరు చెక్కించుకున్న స్టీలు తల్లె అది. అప్పటి నుంచి అత్తమ్మ వేరే స్టవ్ మీద వేరే గంజులో వండుకొని తన గదిలోనే తింటోంది. కుక్క గిన్నె తోమనని పనామె కూడా అలిగి మానేసింది. ఆమె చాయ్ గిలాస, బ్రూనో గిన్నె బయట కిటికీలో పక్కపక్కన పెట్టేవాళ్లం. ఇప్పుడు బోళ్లన్నీ నేనే తోముతున్నా. కుక్కను ఎవరికైనా ఇచ్చేద్దామంటే తండ్రీ బిడ్డా ఏడుపు. ఉంచితే అత్తమ్మ ఊరికి పోతానంటోంది. ఎవరి వైపు మాట్లాడాలో తెలియక టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
— ఒక సోదరి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఇది కుక్క గొడవ అనుకున్నాను. రెండోసారి ఆ తల్లె దగ్గర ఆగిపోయాను. దాని సంగతికి వస్తాను. ముందు మీ ఆయన పట్టుకున్న సబ్బు మాట తేల్చుకుందాం, ఎందుకంటే అందులో సగం నిజం ఉంది.

స్టీలు తల్లెను కుక్క నాకినా, సబ్బు పెట్టి బాగా తోమి, వేడినీళ్లతో కడిగి ఆరబెడితే రోగం వచ్చే భయం దాదాపు ఉండదు. రేబిస్ గురించి మీ అత్తమ్మ భయపడుతుంటే, అది కడిగిన గిన్నెలతో వచ్చే జబ్బు కాదని చెప్పండి. ఆ జబ్బున్న జంతువు కరిస్తేనో, గీరితేనో, పుండు మీదో నోటిలోనో దాని చొంగ పడితేనో వస్తుంది. బ్రూనోకు ఏటా టీకా పడుతోందా లేదా అన్నది అసలు ప్రశ్న. మీ ఉత్తరంలో ఆ ఊసే లేదు. ఏటా జూలై 6న పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా ఈ టీకా వేస్తుంటారు. అప్పటిదాకా ఆగే పని లేదు, కార్డు మీద తారీఖు చూసి, దాటిపోయి ఉంటే ఈ వారమే వేయించండి. ఎప్పుడైనా కరిచినా, గీరినా పసుపు, కారం, సున్నం పెట్టకుండా నల్లా కింద సబ్బుతో పావుగంట కడిగి దవాఖానకు పోవాలి. ఇంట్లో పెరిగిన కుక్కే కదా అని ఊరుకోవద్దు.

ఇక మీ ఆయన యూట్యూబ్‌లో చూడని సగం ఉంది. మీ ఇంట్లో అందరి కళ్లూ తల్లె మీద ఉన్నాయి. నాకు మాత్రం ఆ ఆదివారం కార్జం ముక్కల మీద భయంగా ఉంది. పాలమూరంటేనే గొర్రెలు. యాట కోసినప్పుడు ఒక్కోసారి కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీళ్ల బుడగల్లాంటివి కనబడతాయి, మటన్ కొట్టతన్ని అడిగితే చెప్తాడు. ఒక రకం బద్దెపురుగు పిల్లలుండే తిత్తులవి. ఆ ముక్కలు పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో పురుగు పెద్దదై గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు దాని దొడ్డికి వెంట బయటపడి మట్టికీ, దాని వెంట్రుకలకూ అంటుకుంటాయి. దాన్ని ముద్దుచేసి, చేయి కడగకుండా నోట్లో వేలు పెట్టుకునే పిల్లల కడుపులోకి పోతాయి. తర్వాత ఏళ్ల తరబడి ఏమీ తెలియకుండా మనిషి కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో నీటితిత్తి పెరుగుతుంది. డాక్టర్లు దాన్ని హైడాటిడ్ సిస్ట్ అంటారు. కొందరికి ఆపరేషన్ దాకా పోతుంది. కుక్క చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటుంది, అదీ చిక్కు.

కాబట్టి పచ్చి మాంసం ఇవాళ్టితో బంద్. పెట్టాలనుకుంటే బాగా ఉడికించి పెట్టమనండి. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, కార్జం ముక్కల సంగతి దాచకుండా చెప్పి, ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మందు అడగండి. ఆ పురుగుకు మామూలు పురుగుల మందులన్నీ పనిచేయవు. పెద్ద కుక్కకు సాధారణంగా మూడు నెలలకోసారి మందు వేస్తారు, మీ దాని సంగతి చూసి ఎన్నాళ్లకోసారో ఆయన చెప్తారు. మీ పాపకు ఒకే పాట నేర్పండి: బ్రూనోను ముట్టుకుంటే చేతులు కడుక్కున్నాకే బువ్వ.

మీ అత్తమ్మకు షుగర్ అన్నారు. కాలి మీద పగుళ్లో పుండ్లో ఉంటే వాటిని కుక్క నాకకుండా చూసుకోవాలి. పెద్దవయసు, షుగర్ కలిసినప్పుడు కుక్క నోట్లోని మామూలు క్రిములు కూడా పుండులో చేరి ఇబ్బంది పెట్టగలవు. ఈ ఒక్క విషయంలో ఆమె జాగ్రత్తను చాదస్తం అనడానికి మీ ఆయనకు ఏ హక్కూ లేదు.

ఇంకో మాట, తోమే పీచు గురించి. బ్రూనో గిన్నె తోమిన పీచుతోనే పాప పాల గిలాస తోముతుంటే, వేరే గిన్నె పెట్టి లాభమేంటి? దాని నీళ్ల గిన్నె లోపల వేలితో రాసి చూడండి, జారుడుగా పొర తగులుతుంది. రోజూ తోమకపోతే ఆ పొరలో క్రిములు కాపురం పెడతాయి. దానికి ఒక స్టీలు గిన్నె, ఒక పీచు వేరుగా ఉంచి, సింక్‌లో కాకుండా బయట నల్లా దగ్గర కడగాలి. ప్లాస్టిక్ గిన్నె గీతలు పడితే ఎంత తోమినా శుభ్రం కాదు, దాన్ని తీసెయ్యండి.

ఇవన్నీ చేశాక మీ అత్తమ్మ వచ్చి మీతో కలిసి తింటుందా? తినదు. ఎందుకంటే ఆమె అంటున్నది ఎంగిలి. సబ్బుతో పోయేది మురికి. ఈ రెండూ ఒకటి కావని మీ ఆయనకు అర్థం కావడం లేదు, యూట్యూబ్ వీడియో పెట్టినకొద్దీ ఆమెకు మంట పెరుగుతోంది.

ఎంగిలి అంటే మనకు చులకన మాట కాదు. బతుకమ్మ మొదటి రోజునే ఎంగిలిపూల బతుకమ్మ అంటాం. ఆమె మీ పాప వదిలిన ముద్ద తినే ఉంటుంది, ఆలోచించి కూడా ఉండదు. ఎవరి ఎంగిలి తింటామో వాళ్లు మనవాళ్లు. మీ ఆయన తన తల్లెను బ్రూనో ముందు పెట్టి, "ఇదీ మాలో ఒకటి" అంటున్నాడు. ఆమెకు అది, "నువ్వూ ఇదీ నాకు ఒకటే" అన్నట్టు వినబడుతోంది. అలా వినడం ఆమె తప్పని నేననను. భర్తను పోగొట్టుకొని, సొంత పొయ్యి, సొంత వాకిలి విడిచి ఆరు నెలల కింద వచ్చిన మనిషి ఆమె. ఆ ఇంట్లో బ్రూనో ఆమెకంటే ఏడాది సీనియర్.

ఆమెకు కుక్కలంటే కోపమని కూడా అనుకోవద్దు. మా చిన్నప్పుడు నాగర్‌కర్నూల్ దగ్గర మా ఇంట్లోనూ కుక్క ఉండేది. దానికో సొట్టలు పడ్డ సత్తు గిన్నె, గడప అవతల. మా నాయనమ్మ తను తినేముందు జొన్నరొట్టె ముక్క దానికి వేసేది, లోపలికి వస్తే మాత్రం చీపురు తిరగేసేది. ప్రేమకూ గడపకూ ఆమె లెక్కలో తగాదా లేదు. మీ అత్తమ్మ తరం వాళ్లకు కుక్క అంటే వాకిలి కాసేది. సోఫా ఎక్కే కుక్కను ఆమె ఈ వయసులో మొదటిసారి చూస్తోంది. కొంచెం టైమ్ ఇవ్వాలి కదా.

ఇప్పుడు ఆ తల్లె సంగతి. పాలమూరు నుంచి బొంబాయి పోయినవాళ్లు మూటలో ఏం కట్టుకొని పోయేవాళ్లో ఆ ఇళ్లల్లో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఒక గంజు, ఒక చెంబు, ఒక తల్లె. గుంపులో పదిమంది కలిసి ఉండే చోట కలిసిపోకుండా పేరు చెక్కించుకునేవాళ్లు. మీ మామయ్య అక్కడ ఆ తల్లెలో ఒక్కడే తిన్నాడు, ఇక్కడ ఈమె ఆయన లేకుండా తిన్నది. ఆయన పోయాక ఆయన పేరు ఆ ఇంట్లో రాసి ఉన్నది ఇంకెక్కడ? మీరు ఉత్తరంలో ఆ సంగతిని రెండు వాక్యాల్లో దాటేశారు, కానీ ఆమె వేరే వండుకోవడం మొదలైంది ఆ రోజు నుంచేనని కూడా మీరే రాశారు. అంతకుముందు ఐదు నెలలు ఆమె సణుగుతూనే మీతో కలిసి తిన్నది. గమనించారా?

మీ ఆయన కావాలని చేయలేదు, సరే. "చేతికి అదే దొరికింది" అన్నదే ఆమెకు ఎక్కువ నొప్పి. తండ్రి తల్లె అని గుర్తు రాలేదంటే ఏమిటి అర్థం అని ఆమె రాత్రిళ్లు అనుకుంటూ ఉంటుంది. కాబట్టి ఆయన అమ్మ దగ్గర కూర్చొని, కుక్క మాట, సబ్బు మాట ఎత్తకుండా, "నాయిన తల్లెల పెట్టిన, తప్పయింది అమ్మా" అనాలి. మీరు ఆయన తరఫున చెప్పొద్దు. కోడలు తెచ్చిన క్షమాపణ అత్త చెవికి ఎక్కదు, ఆ మాట కొడుకు నోటే రావాలి. ఆ తర్వాత మనుషుల తల్లెలో బ్రూనోకు పెట్టడం మానెయ్యాలి. ముద్ద కలిపి దాని గిన్నెలో వెయ్యొచ్చు, దానికి ఏ లోటూ రాదు. కుక్కకు తల్లె ఎవరిదో పట్టింపు లేదు, అమ్మకు ఉంది. వంటింట్లోకి రాకుండా గుమ్మానికి అడ్డం ఒక చిన్న తడిక పెట్టండి. అత్తమ్మ గది కూడా దానికి నిషేధమే. ఇంత చేస్తే దాన్ని ఎవరికో ఇచ్చేయాల్సిన పని లేదు. ఏడాదిన్నర పెంచిన జీవిని ఇల్లు మార్చడమూ పాపమే.

మీరు అడగని ఒక విషయం రాస్తాను, కోపం తెచ్చుకోకండి. పనామె చాయ్ గిలాస, కుక్క గిన్నె పక్కపక్కన పెట్టేవాళ్లమని మామూలుగా రాశారు. ఆమె అలిగింది గిన్నె తోమాల్సి వచ్చినందుకేనా? తన గిలాస ఏ వరసలో ఉందో రోజూ చూస్తూ ఉండి ఉంటుంది. కుక్కకు వేరే గిన్నె పెట్టడానికి పురుగులు, చొంగ అనే కారణం ఉంది. మనిషికి వేరే గిలాస పెట్టడానికి ఏ కారణం ఉందో మీరే చెప్పండి. రెండు గిలాసల హోటళ్ల ఊళ్లు మన పక్కనే ఉండేవి. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణంతో రద్దు చేసింది, 1955లో దాన్ని నేరం చేస్తూ చట్టమూ వచ్చింది, మన కిటికీల దాకా మాత్రం రాలేదు. అది అత్తమ్మ అలవాటో, మీ అలవాటో నాకు తెలియదు. ఎవరిదైనా ఆ గిలాసను లోపలి గిలాసల్లో కలపండి. ఆమెను మళ్లీ పిలిస్తే కుక్క గిన్నె ఆమె పని కాదని ముందే చెప్పండి.

మరి అది ఎవరి పని? మీరు "ఎవరి వైపు మాట్లాడాలి" అని అడిగారు, "బోళ్లన్నీ నేనే తోముతున్నా" అన్నది మాత్రం ఫిర్యాదుగా కూడా రాయలేదు. అత్తమ్మ పంతానికీ భర్త ముద్దుకూ మధ్య అరిగిపోతున్నది మీ చేతులు. బ్రూనోను తెచ్చింది ఆయన. దాని గిన్నె తోమడం, నీళ్లు మార్చడం, దొడ్డికి ఎత్తడం, టీకా కార్డు చూసుకోవడం ఆయన పనులు. పొద్దున ఆఫీసుకు పోయేముందు పది నిమిషాలు. "నాకు టైమెక్కడిది" అంటే, ముద్దలు కలిపి పెట్టడానికి ఉన్న టైమే అని చెప్పండి. కొడుకు వాకిట్లో కూర్చొని కుక్క గిన్నె తోముతుంటే అత్తమ్మకు మొదట అదీ నచ్చకపోవచ్చు. "మగపిలగానితోని తోమిస్తవా" అని మిమ్మల్నే ఒక మాట అనొచ్చు. అననివ్వండి, గిన్నె మాత్రం అందుకోకండి.

ఆమె తన గదిలో వండుకోవడాన్ని వెంటనే మాన్పించే ప్రయత్నం చేయకండి. రోజూ బతిమాలితే పంతం బిగుస్తుంది. ఒక పూట మీరే ఇంత కూర తీసుకుపోయి ఆమె దగ్గర కూర్చొని తినండి, ఆమె గంజులో బువ్వ పెట్టించుకొని. పాపను కూడా తీసుకుపోండి.

ఇక ఆ తల్లెను కుక్క తిన్నదని పాతసామాన్లవాడికి వేయొద్దు, మీకై మీరే తోమి అల్మారాలో పెట్టొద్దు. అది ఎక్కడుండాలో అత్తమ్మను అడగండి. బూడిదతో తోముతానంటే బూడిద తెచ్చివ్వండి. గోడకు ఆనించి పెట్టుకుంటానంటే మేకు కొట్టివ్వండి.