తేలిన రాయి మర్నాడు మునిగినా అది ప్యూమిసే

అక్వేరియం కోసం తెల్ల రాయి, ఎర్ర రాయి తెచ్చుకుని, ఏది ప్యూమిస్, ఏది స్కోరియా అని నీళ్లలో వేసి చూస్తున్నారా? రెండూ రంధ్రాలతో నిండిన అగ్నిపర్వత రాళ్లే. నిన్న తేలిన మీ తెల్ల రాయి పొద్దుటికి అక్వేరియం అడుగుకు చేరిందంటే, దాని బుడగల్లోకి నీరు ఇంకింది. రాయి నకిలీదేమోనని టెన్షన్ పడకండి, అది ప్యూమిసే. వేయగానే బుడుంగున మునిగిన ఎర్ర రాయి మాత్రం స్కోరియా అయి ఉంటుంది.

చాలామంది వదిలేసేది ఆరబెట్టడం. తడి రాయిని నీళ్లలో వేసి చూస్తే ఏది ఏదో తెలియదు.

1. రెండింటినీ మూడు నాలుగు రోజులు మంచి ఎండలో పెట్టండి. పైన పొడిగా కనిపించినా లోపలి తడి అంత తొందరగా పోదు.
2. బకెట్ నీళ్లలో మెల్లగా వదిలి మొదటి నిమిషంలోనే చూడండి. తేలేది ప్యూమిస్.
3. ఇంకా అనుమానమైతే భూతద్దం పట్టండి. ప్యూమిస్‌లో రంధ్రాల మధ్య గోడలు కాగితమంత పలచన, ఒక్కోచోట పట్టుదారాల్లా సాగి మెరుస్తాయి. స్కోరియాలో రంధ్రాలు పెద్దవి, గోడలు మందం.

రంగు ఒక్కటే చూసి తేల్చకండి.

తేడా పుట్టుకలోనే ఉంది. ప్యూమిస్‌ది సాధారణంగా 70 శాతం దాకా సిలికా (ఇసుకలో ఉండే పదార్థం) ఉన్న చిక్కటి శిలాద్రవం. వాయువులు సులువుగా బయటపడలేక పేలి, నురగ నురగగానే గడ్డకడుతుంది. 1883లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు ఈ రాళ్లు హిందూ మహాసముద్రం మీద నెలల తరబడి తేలాయి. స్కోరియా ఎక్కువగా బసాల్ట్ (ముదురు రంగు లావా రాయి) రకం, సిలికా 50 శాతం అటూ ఇటూ. 1943లో మెక్సికోలో మొక్కజొన్న చేలో పుట్టిన పరికుటిన్ అగ్నిపర్వతం కొండ స్కోరియా కుప్పే. ఎరుపు ఇనుము తుప్పుది.

ప్యూమిస్‌ను వారం నానబెట్టి, పూర్తిగా మునిగాకే అక్వేరియంలో వేయండి.